పక్కింటావిడ

మార్చి 2

బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగేలోపే దిగువ వీధి పొయ్యిలన్నీ చదివేశాను. చివర రెండు గదులు మిగిలాయి. వాటిని ఎప్పుడూ చివరికే ఉంచుకుంటాను. అక్కడ వీరవేణిగారు కూర్చోమంటారు.

నా పని తేలిక. పెద్దల వరసలో గదికొక మనిషి, మనిషికొక పొయ్యి. పొయ్యి పక్కనున్న మీటకు నా పలక ఆనిస్తే, కిందటి నెలలో అది రోజూ వెలిగిందో లేదో తెలుస్తుంది. వెలిగితే ఆ మనిషి వేరుగా వండుకుంటున్నట్టు. వేరుగా వండుకుంటే ఒంటరిగా ఉంటున్నట్టు. పూర్వం అన్నదమ్ములు విడిపోతే పొయ్యిలు వేరయ్యాయనేవారట. మా శాఖవాళ్లు ఆ మాటనే నియమం చేశారని శిక్షణలో చెప్పారు. మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేదని ఈ పనికి పేరిచ్చాను. సిస్టర్ల బడిలో కూడా పుస్తకాల గది తాళం నా చేతికిచ్చి, నన్ను నా మానాన వదిలేసేవారు.

త్రిమూర్తులుగారి గది గుమ్మంలో ఆగిపోయాను. లోపల పాఠం జరుగుతోంది.

"మీకు పెళ్లయిందా?" వీరవేణిగారు గొంతు బిగబట్టి ఆఫీసరులా అడుగుతున్నారు.

"అయిందండి."

"ఆయ్. అయితే ఇద్దరం పోయి ఎండలో కూర్చుందాం పదండి. మళ్లీ అడుగుతున్నాను. మీకు పెళ్లయిందా?"

"అయింది గానీ... విడిపోయామండి."

"పక్క గదిలో ఉండే ఆవిడెవరు?"

"నువ్వే కదే."

వీరవేణిగారు నెత్తి కొట్టుకుంటూ నన్ను చూశారు. "రండి అమ్మాయిగారూ, మీరైనా చెప్పండి. చిన్నప్పుడు ఈయనకి ఎక్కాలు చెప్పిన మేష్టారు ఎంత పుణ్యాత్ముడో నాకిప్పుడు తెలుత్తోంది."

"అబద్ధం చెప్పమంటే నోరు తిరగదండి" అన్నారు త్రిమూర్తులుగారు, నాతోనే. "ఎదురుగా మనిషిని పెట్టుకుని ఆవిడెవరో తెలీదంటే, వినేవాడు నవ్వడా?"

ఆయన పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఇద్దరికి సరిపోయే అన్నం. మీటకు పలక ఆనించాను. తర్వాత గోడకవతల వీరవేణిగారి గదికి వెళ్లాను. అక్కడ పొయ్యి మీద గిన్నెలో ఉత్త నీళ్లు మరుగుతున్నాయి. రోజూ మరుగుతాయి. పలకలో ఉన్నవి రెండే మాటలు, వెలిగింది, వెలగలేదు. రెండు గదులకూ వెలిగింది అని వేశాను.

మార్చి 17

ఈసారి పొయ్యి కోసం కాదు, పిలిస్తే వెళ్లాను. ఉగాది తర్వాత వాకబు ఉందని వీరవేణిగారికి కబురొచ్చింది. గదిలో గోడకు బిగించిన శాఖవారి గోడపెట్టె ప్రశ్నలడుగుతుంది, త్రిమూర్తులుగారు ఒక్కరే సమాధానాలు చెప్పాలి. పొయ్యిలు చదివే రీడరుగా నేను పక్కనుండాలి.

"ఏదో ఒకటి తప్పు చెబితే ఊరుకుంటారాండీ?" అని అడిగారు. ఊరుకోరని చెప్పాను.

ఆవిడ చాట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. తలెత్తకుండానే చెప్పుకొచ్చారు. వాళ్ల ఊరు కోనసీమలో, ఇప్పుడు నీళ్ల కింద. ఇక్కడికి ఎగువపేటకి ఎక్కొచ్చిన కొత్తలో ఇద్దరికీ ఒకే గది. డెబ్భై దాటినవాళ్లకు పింఛను కింద గదికి చలవ గాలి ఇస్తారు కదా. ఒంటరిగా ఉంటే పగలూ రాత్రీ వస్తుంది. జంటకైతే సగం పూటే, మిట్టమధ్యాహ్నం ఆగిపోతుంది.

"అదేంటండీ అనడిగితే, ఒంటరివాళ్లకి ఎవరూ ఉండరు, మీకైతే ఒకళ్లు సొమ్మసిల్లితే ఇంకొకళ్లు నీళ్లు చల్లుకుంటారు కదా అన్నారండి. చల్లానండి. ఆ ఎండాకాలం ఈయన గచ్చు మీద పడిపోతే, కుండలో నీళ్లన్నీ చల్లానండి. మనిషైతే లేచారు గానీ..."

లేచిన మనిషికి సగం సంగతులు గుర్తులేవు. ఆ తర్వాతి వారమే ఇద్దరూ ఆఫీసుకెళ్లి, మాకు పడటంలేదు, విడిపోతామని చెప్పారు. ఎందుకు పడటంలేదని అడిగితే ఏం చెప్పాలో ముందు అనుకోలేదట.

"ఈయన గురక పెడతారని చెప్పానండి. ఈయనేమో, మా ఆవిడ పులుసులో ఉప్పు ఎక్కువేత్తుందన్నారు. అందరి ముందూ! ఇంటికొచ్చాక ఆ ఉప్పు సంగతి మీద నిజంగానే దెబ్బలాడుకున్నామండి."

త్రిమూర్తులుగారు చలవ గాలి కింద కూర్చుని నవ్వారు. "ఇప్పటికీ ఎక్కువే వేత్తది."

ఏప్రిల్ 6

వాకబు అయింది.

గోడపెట్టెలోంచి ఆడగొంతు మర్యాదగా అడిగింది. త్రిమూర్తులుగారు ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. వీరవేణిగారు తలుపవతల గోడకానుకుని నిలబడ్డారు. ఆవిడ పెదవులు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది, పిల్లవాడి పరీక్ష జరుగుతుంటే తల్లి నిలబడినట్టు.

"మీరు ఎవరితో ఉంటున్నారు?"

"ఒక్కణ్ణేనండి."

"మీ భార్య?"

"విడిపోయామండి. ఎక్కడుందో తెలీదండి."

"పక్క గదిలో ఉండేవారు మీకు ఏమవుతారు?"

ఆయన తడుముకోలేదు.

"పక్కింటావిడండి. మంచావిడే. మాకేం సంబంధం లేదండి."

పెట్టె ధన్యవాదాలు చెప్పి ఆగిపోయింది. వీరవేణిగారు లోపలికొచ్చి ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని ఊపారు. రవ్వకేసరి చేశారు. నాకు రెండోసారి వడ్డిస్తుంటే త్రిమూర్తులుగారు చెయ్యి చాపి, "పక్కింటావిడగారూ, కేసరి అంతా ఆఫీసువాళ్లకేనా, మాకూ కాస్త పెడతారా?" అన్నారు. ముగ్గురం నవ్వాం. నేను అంత గట్టిగా నవ్వడం నాకే కొత్త.

ఏప్రిల్ 29

త్రిమూర్తులుగారు ఇంకా పక్కింటావిడ అనే పిలుస్తున్నారు.

ఇవాళ ఆవిడ గిన్నెతో లోపలికి రాగానే, ఆయన లేచి నిలబడి కుర్చీ జరిపారు. "మీకెందుకండీ శ్రమ. కూర్చోండి" అన్నారు. సరదాకి అంటున్నారనుకుని నేను నవ్వాను. ఆయన నావైపు చూశారు. ఆ చూపులో ఎక్కడా ఆట లేదు.

ఆవిడకి మరి తెలిసిపోయిందేమో, తెలియనట్టే మాట్లాడారు. "చూశారా అమ్మాయిగారూ, ఇన్నాళ్లకి మర్యాద వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒసే, ఏమే తప్ప ఎరగనండి." గిన్నె అక్కడ పెట్టి తన గదిలోకి వెళ్లారు. నేను పొయ్యి చదవడానికి వెళితే, మరిగే నీళ్ల ముందు గోడవైపు తిరిగి కూర్చున్నారు. పలకరించాలని ఉంది. మీటకు పలక ఆనించి వచ్చేశాను.

మే 12

కుళాయి దగ్గర జారిపడి త్రిమూర్తులుగారి తుంటి విరిగింది. పై కొండ మీది పెద్దల వార్డుకు తీసుకెళ్లారు.

నేను వెళ్లేసరికి బండి వెళ్లిపోయింది. వీరవేణిగారు ఆయన గది గుమ్మం మీద కూర్చున్నారు. పక్కన సంచీ ఉంది. అందులో పంచె, లుంగీ, ఆయన కట్టుడు పళ్ల డబ్బా సర్ది పెట్టారు.

"నేనూ ఎక్కబోయానండి. తలుపు దగ్గర బండిలో గొంతు అడిగింది, మీరు ఏమవుతారని. పక్కింటావిడనండి అని నా నోట్లోంచే వచ్చేసింది. ఎవరడిగినా అదే చెప్పి చెప్పి... అనేసి నాలిక కరుచుకున్నానండి. అప్పటికే తలుపు పడిపోయింది."

సంచీ నేను పైకి తీసుకెళ్లి ఇచ్చాను. తోడుగా భర్తో భార్యో ఉంటే మంచం పక్కన చాప ఇస్తారు, చివరిదాకా ఉండనిస్తారు. ఒంటరివాళ్లకు యంత్రం ఉంటుంది. ఇరుగుపొరుగువారిని ఆదివారం ఒక్క పూట రానిస్తారు.

మే 18, ఆదివారం

వీరవేణిగారిని పైకి తీసుకెళ్లాను. పులుసన్నం కలిపి తెచ్చుకున్నారు. గేటు దగ్గర బయటి తిండి కూడదని ఆపేశారు.

ఆయన మొహం పీక్కుపోయింది. యంత్రం చెయ్యి చెంచాతో గంజి నోటిదాకా తెస్తోంది. ఆయన పళ్లు బిగించి తల తిప్పేసుకుంటున్నారు. కారిన గంజిని యంత్రమే తుడిచి, మళ్లీ చెంచా ముంచుతోంది. దానికి విసుగు లేదు.

"వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే" అంది నర్సు సుశీల. "ఆకలి లేదా తాతగారూ అంటే, ఉంది, మా ఆవిడ వచ్చాక తింటానంటారు. ఈయనకెవరూ లేరని ఉంది కదా మా దగ్గర. సూది మందుతో ఎన్నాళ్లు నిలుపుతాం?"

వీరవేణిగారు మంచం దగ్గరికి వెళ్లి చెంచా అందుకున్నారు. "నేనొచ్చాను, తినండి."

ఆయన ఆవిణ్ణి చూసి, దుప్పటి మెడదాకా లాక్కున్నారు. "మీరా అండీ. అంతదూరం నుంచి ఎందుకొచ్చారు? మా ఆవిడొచ్చేత్తాదండి. ఆవిడొచ్చాక తింటాను."

కిందకి దిగేటప్పుడు వీరవేణిగారు మెట్టు మెట్టుకీ ఆగారు. ఒకచోట నా మోచెయ్యి పట్టుకుని అన్నారు. "చలవా వద్దు, గిలవా వద్దండి. ఎండలోనే కూర్చుంటాను. నేను ఆయన పెళ్లాన్నని ఎక్కడ చెప్పాలో చూపించండి."

మే 20

హసీనా మేడం మా విభాగం ఆఫీసరు. ఆవిడ ముందు నేనెప్పుడూ 'అలాగే మేడం' తప్ప మాట్లాడలేదు. ఇవాళ వీరవేణిగారిని వెంటబెట్టుకెళ్లి మాట్లాడాను. వీరవేణిగారి గదిలో వండరని, ఉత్త నీళ్లు మరుగుతాయని, వంట ఆయన పొయ్యి మీదే జరుగుతుందని, ఇద్దరూ ఒక్క కుండ అన్నమే తింటారని చెప్పాను. నా గొంతు నాకే వినిపించలేదు. మేడం రెండుసార్లు 'గట్టిగా' అన్నారు.

"మరి ప్రతి నెలా రెండు పొయ్యిలూ వెలిగాయని వేశావు కదా అగ్నెస్?"

"వెలిగాయి మేడం."

ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. "నువ్వు చెప్పింది నేను వినలేదనుకో. రాస్తే ముందు నీ ఉద్యోగం పోతుంది, వాళ్లకి ఒరిగేదేం ఉండదు. పొయ్యి వెలిగితే వేరు. అందులో ఏం ఉడికిందని చట్టం అడగదు." తర్వాత వీరవేణిగారి వైపు తిరిగారు. "అమ్మా, కలిసిపోయామని మీరొక్కరూ చెబితే చాలదు. ఆయన కూడా చెప్పాలి. నేనే వచ్చి అడుగుతాను. ఒక్క మాట, ఈవిడ నా భార్య అని ఆయన అంటే ఆ పూటే మీకు చాప వేయిస్తాను. కానీ ఇద్దరికీ సగం పూట చలవే. ఇన్నేళ్లు ఎక్కువ వాడుకున్నదానికి కొన్నాళ్లు అది కూడా ఆపుతారు."

"ఆపనీయండి మేడంగారూ" అన్నారు వీరవేణిగారు. "ఆయన చేత ఒక్క మాటే కదా. అంత పాఠం చెప్పినదాన్ని, ఇది చెప్పలేనా?"

మే 25, ఆదివారం

వీరవేణిగారు మంచం పక్కన నిలబడి మళ్లీ పాఠం మొదలుపెట్టారు. ఈసారి తిరగేసి. "నన్నెవరని అడిగితే మా ఆవిడ అనాలి. అనండి."

"తప్పండీ" అన్నారు ఆయన. "అలా అనకూడదు. చలవ పోద్ది."

మే 27

హసీనా మేడం వచ్చారు. నేనూ, సుశీలా ఉన్నాం. ఇరుగుపొరుగుకి ఆదివారమే కాబట్టి వీరవేణిగారిని మేడం తన మాట మీద లోపలికి తెచ్చారు. ఆవిడ తలంటుకుని, పసుపు రంగు చీర కట్టుకున్నారు. ఆయన ఏనాడో కొనిచ్చిన చీర, పెట్టెలోంచి తీశారట.

మేడం కుర్చీ దగ్గరగా లాక్కుని, మెల్లగా అడిగారు. "త్రిమూర్తులుగారూ, ఈవిడెవరో చెప్పగలరా?"

ఆయన లేచి కూర్చోవాలని చూశారు. సుశీల దిండు ఎత్తుపెట్టింది. చొక్కా లేకపోయినా గుండీలు సర్దుకున్నట్టు రొమ్ము మీద చెయ్యి ఆడించారు.

"పక్కింటావిడండి. మంచావిడే. మాకేం సంబంధం లేదండి."

తడుముకోకుండా, ఒక్క అక్షరం పోకుండా చెప్పారు. చెప్పి, బాగా చెప్పానా అన్నట్టు అందరి మొహాలూ చూశారు.

వీరవేణిగారు మంచం అంచు పట్టుకున్నారు. "కాదండీ. ఇంక అది అక్కర్లేదు. అది అయిపోయింది. నిజం చెప్పొచ్చు."

"నిజమేనండి" అన్నారు ఆయన మేడంతో. "ఈవిడికి పాపం నామీద జాలి."

మేడం ఇంకో దారి చూశారు. ఆవిడ మంచిది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. "పోనీ, మీరిద్దరూ ఒంటరివాళ్లే కదా. ఒంటరివాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. ఈవిణ్ణి పెళ్లి చేసుకుంటారా? ఇక్కడే సంతకం పెట్టిస్తాను. ఈ పూటనుంచే ఈవిడ మీ దగ్గరుంటారు."

వీరవేణిగారు చప్పున తల వంచుకున్నారు. ఈ వయసులో ఆవిడ చెంపలు ఎర్రబడటం చూశాను.

త్రిమూర్తులుగారు మాత్రం నొచ్చుకున్నారు. "ఎంతమాటండీ. నాకు పెళ్లయింది. మా ఆవిడ ఉంది."

మేడం ముందుకు వంగారు. "ఉన్నారా? ఆవిడ పేరేంటండీ?"

ఆయన నోరు తెరిచి ఆగిపోయారు. వెతుక్కున్నారు. "పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదండి. ఏమే అంటే పలికేది."

"అమ్మా, మీరు పిలవండి. ఇంట్లో ఎలా పిలిచేవారో అలా" అన్నారు మేడం.

గోడపెట్టె ముందు నోరు జారుతుందేమోనని, విడిపోయిన దగ్గర్నుంచీ వీరవేణిగారు ఆయన్ని త్రిమూర్తులుగారూ అనే పిలిచేవారు. ఇప్పుడు పెదవులు తడుపుకుని, "ఏవండీ" అన్నారు.

ఆయన మొహం విప్పారింది. చప్పున తల తిప్పారు. ఆవిడ వైపు కాదు. ఆవిణ్ణి దాటి, ఆవిడ వెనకున్న గుమ్మం వైపు.

"అదిగోండి, వచ్చేసింది" అన్నారు.

గుమ్మంలో ఎవరూ లేరు. ఆయన చాలాసేపు అటే చూశారు.

బయట వసారాలో మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "భార్య ఉందంటున్నాడు కాబట్టి పెళ్లి కుదరదు. ఈవిడ కాదంటున్నాడు కాబట్టి తోడు కుదరదు. నేనేం రాయను అగ్నెస్?"

ఆవిడ చివరికి పాతదే ఉంచారు. ఒంటరి. ఇద్దరూ ఒంటరి. పొరుగువారి పూట మాత్రం వారానికొకటి నుంచి రోజుకొకటి చేసి, ఇంటి తిండి తేవచ్చని తన పేరు మీద రాసిచ్చారు. అంతకంటే ఆవిడ చేతిలో లేదు.

జూన్ 3

రోజుకొక పూట వచ్చినా ఆయన తినడం లేదు. వీరవేణిగారు బతిమాలారు, కోప్పడ్డారు, ఏడ్చారు. పరాయి ఆడమనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక ఆయన కంగారుపడి సుశీలని పిలిచారట. ఇవాళ సూది గుచ్చడానికి నరం దొరకలేదు.

జూన్ 8

పొయ్యిలు చదవడం పూర్తిచేసి పైకి వెళ్లాను. వీరవేణిగారు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఒళ్లో గిన్నె ఉంది.

ఇవాళ ఆవిడ బతిమాలలేదు. మంచం పక్కన బల్ల మీద, కొత్తచోట కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చున్నారు. గిన్నె మూత తీశారు.

"త్రిమూర్తులుగారూ, మీ ఆవిడ పంపిందండి ఇది."

ఆయన కళ్లు తెరిచారు. "ఆవిడ పంపిందా?"

"ఆయ్. తనకి ఒంట్లో బాలేదండి, ఎక్కలేనంది. వేడి తగ్గకుండా పట్టుకెళ్లి, దగ్గరుండి తినిపించి రమ్మంది. తినకపోతే ఊరుకోనని కూడా చెప్పమంది."

ఆయన నోరు తెరిచారు. ఆవిడ చిన్న ముద్ద పెట్టారు. చాలాసేపు నమిలి మింగారు. మొహం చిట్లించారు.

"ఉప్పెక్కువైంది" అన్నారు సంతోషంగా. "మా ఆవిడదేనండి."

గిన్నెలో సగం తిన్నారు. నేను గోడవైపు తిరిగి, అక్కడున్న మందుల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాను. వీరవేణిగారు నీళ్లు తాగించి, కొంగుతో మూతి తుడవబోయి, ఆగి, చేతిరుమాలు ఇచ్చారు. పూట అయిపోయిందని గంట మోగింది. ఆవిడ గిన్నె సర్దుకుని లేచారు.

"ఉండండి" అన్నారు ఆయన. నావైపు చూసి గొంతు తగ్గించారు. అయినా వినిపించింది. "మీరు పక్కనే కదండీ ఉండేది. మా ఆవిణ్ణి కాస్త చూత్తా ఉండండి. నోరు గట్టిదే గానీ, ఒక్కత్తీ ఉండలేదండి. ఎప్పుడూ ఉండలేదు. నేను ఇక్కడున్నాను కదా, రాత్రుళ్లు ఎలా పడుకుంటందో ఏంటో."

వీరవేణిగారు గిన్నె మూత సరిగ్గా పట్టిందో లేదో రెండుసార్లు చూసుకున్నారు.

"చూత్తానండి" అన్నారు.